ట్యాబ్ వచ్చాక కంప్యూటర్ అవసరమా?

పాలమూరు నాన్న:
మా పాప డిగ్రీలో చేరింది. నా దగ్గరున్న డబ్బుకు మంచి ట్యాబ్ అయినా వస్తుంది, మామూలు ల్యాప్‌టాప్ అయినా వస్తుంది. "ముందు ముందు అన్నీ ట్యాబ్‌లే, అదే కొను బావా" అంటున్నాడు మా బావమరిది. నిజమేనా?

నల్లగొండ డీటీపీ:
అన్నా, 2010లో ఐప్యాడ్ వచ్చినప్పటి నుంచి ఈ మాట వింటున్నా. అమెరికాలో వ్యవసాయమే ఎక్కువగా ఉన్న రోజుల్లో అందరికీ ట్రక్కులే కావాల్సి వచ్చింది, పట్నాలు పెరిగాక కార్లొచ్చాయి, పీసీలూ ఆ ట్రక్కుల్లాగే కొద్దిమందికే మిగులుతాయి అని ఆ ఏడాదే ఐప్యాడ్ తెచ్చిన యాపిల్ కంపెనీ అధిపతి స్టీవ్ జాబ్స్ అన్నాడు. క్లాక్ టవర్ దగ్గర మా షాపులో నాకు కనబడేది వేరు. మొన్న ఒక అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు ట్యాబ్‌లో పట్టుకొచ్చాడు. టేబుల్‌లో ఒక గడి సరిచేద్దామని వేలు పెడితే పక్క గడి పట్టుకుంటోంది. అరగంట తంటాలు పడి, చివరికి నా సిస్టం ముందు కూర్చుని మౌస్‌తో పది నిమిషాల్లో ముగించాడు. రాసే పని, లెక్కల పని ఉన్నవాళ్లకు ట్యాబ్ చాలదు.

దేవరకొండ టీచర్:
సార్, మీ షాపుకు వచ్చేది పని పడ్డవాళ్లే కదా. మా నాయనమ్మకు మౌస్ ఇస్తే బాణం గుర్తు ఎటు పోయిందో తెలిసేది కాదు. అదే ట్యాబ్‌లో పెళ్లి ఫోటో చూపిస్తే, మమ్మల్ని చూసి తనూ రెండు వేళ్లతో పెద్దది చేసి, వెనక నిలబడ్డ తన చెల్లెల్ని పట్టుకుంది. అలాంటివాళ్లు కోట్లలో ఉన్నారు. 2011లో అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ విద్యార్థుల కోసం విడుదల చేసిన చవక ట్యాబ్ ఆకాశ్‌ను చూసి మనవాళ్లు చాలామంది ట్యాబ్ అంటేనే దండగ అనుకున్నారు. ఆ మొదటి ఆకాశ్ తెర గట్టిగా నొక్కితేగానీ పలికేది కాదు. ఇప్పటి తెరలకు వేలు ఆనితే చాలు.

నల్లగొండ డీటీపీ:
ఆకాశ్ మాట ఒప్పుకుంటాను. కానీ ఐప్యాడ్‌కే ఏం జరిగిందో చూడండి. 2015లో ప్రో వచ్చినప్పుడు పెన్ను, కీబోర్డు జతచేశారు. 2020లో ట్రాక్‌ప్యాడ్ కూడా కలిపారు. అంటే ట్యాబే కంప్యూటర్ దారికి వచ్చింది! ఇంకో భయం కూడా ఉంది నాకు. సేవ్ చేసిన ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పలేని డిగ్రీ పిల్లలు రోజూ వస్తున్నారు. చూడటానికే అలవాటు పడితే తయారుచేయడం ఎప్పుడు నేర్చుకుంటారు? ఇంతకీ పాపది ఏ గ్రూపు అన్నా?

పాలమూరు నాన్న:
బీకాం కంప్యూటర్స్. ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలంట.

నల్లగొండ డీటీపీ:
ట్యాలీకి విండోస్ ఉండాల్సిందే. ల్యాప్‌టాపే తీసుకోండి.

దేవరకొండ టీచర్:
ట్యాలీ అయితే నేనూ ల్యాప్‌టాపే అంటాను. కానీ పాప అవసరం వేరు, రేపటి సంగతి వేరు. మా బడిలో ఐదో తరగతి పిల్లలు మామూలు మానిటర్ ముందు కూర్చోబెట్టినా ముందు తెర మీదే వేలు పెడుతున్నారు.