ల్యాప్‌టాప్‌కి ఈజీపీయూ (బయట నుంచి కేబుల్‌తో తగిలించే గ్రాఫిక్స్ కార్డు) పెడితే వీడియో ఎడిటింగ్ వేగం పెరుగుతుందా?

కట్‌పాయింట్:
4కే క్లిప్పు టైమ్‌లైన్ మీద వేసి ప్లే నొక్కితే రెండు సెకన్లకే ఆగిపోతోంది. ఎఫెక్టులు ఇంకా ఏమీ వేయలేదు. రైజెన్ ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, లోపలిది చిన్న గ్రాఫిక్సే. యూఎస్‌బీ4 పోర్టు ఉంది కదా అని ఈజీపీయూ బాక్సు కొని, ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డు పెడదామనుకుంటున్నా. డెలివరీ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది. కొనొచ్చా?

కలర్‌గది:
ధైర్యంగా కొనండి. మూడేళ్లుగా రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నా గ్రేడింగ్ (రంగులు సరిచేసే పని) అంతా ఈజీపీయూ మీదే. నాయిస్ రిడక్షన్ (వీడియోలో చుక్కచుక్కల మరకలు తగ్గించే ఎఫెక్టు) వేస్తే లోపలి గ్రాఫిక్స్ సెకనుకు రెండు మూడు ఫ్రేములు కూడా లాగలేకపోయేది. ఇప్పుడు షాటు నడుస్తుండగానే రంగులు సరిచేసుకుంటున్నాను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, మానిటర్‌ని బయటి కార్డుకే తగిలించండి. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదే చూస్తే, తయారైన ఫ్రేము మళ్లీ అదే కేబుల్లో వెనక్కి రావాలి.

ఎడిట్‌టేబుల్:
గ్రేడింగ్ విషయంలో కలర్‌గది గారు చెప్పింది నిజమే. కానీ ఇక్కడ ఎఫెక్టు వేయకముందే ఆగుతోంది. అంటే ఇబ్బంది డీకోడింగ్ దగ్గర, అంటే కుదించిన వీడియోని విప్పి ఫ్రేములుగా మార్చే చోట ఉండాలి. మీ కెమెరా హెచ్.265 (వీడియోని బాగా కుదించే పద్ధతి), 10-బిట్ 4:2:2 (రంగుల సమాచారం ఎక్కువగా ఉంచే రకం)లో రికార్డు చేస్తోందా? ఆ ఫార్మాట్‌ని విప్పే హార్డ్‌వేర్ ఆర్‌టీఎక్స్ 40 సిరీస్‌లో లేదు, 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లలో వీడియోని విప్పే భాగమైన క్విక్‌సింక్‌లో అంతకుముందే ఉంది.

కేబుల్ సంగతీ చూడండి. 4కే ఫ్రేములో దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కి నాలుగు ఛానళ్లు, ఛానల్‌కి 32 బిట్లు లెక్కేస్తే ఫ్రేము 133 మెగాబైట్లు, 25 ఫ్రేములకు సెకనుకు 3.3 గిగాబైట్లు. 40 గిగాబిట్ల కేబుల్ కాగితం మీదే 5 గిగాబైట్లు, కార్డుకి అందేది అంతకంటే బాగా తక్కువ. అందుకే ఫ్రేము ఒకసారి కార్డులోకి వెళ్లాక పని పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలి. మధ్యలో ప్రాసెసర్ మీద నడిచే ప్లగిన్ ఒక్కటి వేసినా రానూపోనూ ప్రయాణం మొదలవుతుంది. డబ్బు పెట్టేముందు టాస్క్ మేనేజర్ తెరిచి ఒకసారి ప్లే చేసి, సీపీయూ (ప్రాసెసర్), జీపీయూ (గ్రాఫిక్స్) ఎంత శాతం వాడుతున్నాయో చూడండి.

కట్‌పాయింట్:
చూశాను. ప్లే నొక్కగానే సీపీయూ 100 శాతానికి ఎక్కి దిగలేదు. జీపీయూ 15 శాతం దాటలేదు. కెమెరా మెనూలో 4:2:2 10-బిట్ అనే ఉంది.

కలర్‌గది:
అయితే 40 సిరీస్ వద్దు, ఒప్పుకుంటాను. 50 సిరీస్ పెడితే డీకోడింగూ తీరుతుంది, రేపటి గ్రేడింగూ తీరుతుంది. బాక్సు ఆలోచన పూర్తిగా వదిలేయకండి.

ఎడిట్‌టేబుల్:
తీరుతుంది, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కూడా దాన్ని వాడుకునేదైతే. డెలివరీ నెత్తిన పెట్టుకుని కొత్త బాక్సు, కొత్త డ్రైవర్లతో కుస్తీ మాత్రం వద్దండీ. ఈ రాత్రికి సగం రిజల్యూషన్‌లో ప్రోరెస్ ప్రాక్సీలు (ప్రాసెసర్ సులువుగా విప్పగల ప్రోరెస్ ఫార్మాట్‌లో, ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి కాపీలు) పెట్టేసి పడుకోండి. ఎక్స్‌పోర్టు ఎలాగూ ఒరిజినల్స్ నుంచే జరుగుతుంది.

కట్‌పాయింట్:
పన్నెండు క్లిప్పులకి ప్రాక్సీలు చేసి చూశా. మొదటిసారి టైమ్‌లైన్ చివరిదాకా ఆగకుండా నడిచింది! బాక్సు ప్రస్తుతానికి కొనడం లేదు. గ్రేడింగ్‌లో నాయిస్ రిడక్షన్ దగ్గర ఇరుక్కుంటే కలర్‌గది గారినే మళ్లీ అడుగుతాను.