పవన క్షేత్ర ప్రణాళికకు ఏడాదిపాటు స్థలంలో గాలిని కొలవడం తప్పనిసరా?

ప్రశ్న

ఈఆర్ఏ5 రీఅనాలిసిస్ డేటా (పాత వాతావరణ పరిశీలనలను మోడల్‌తో కలిపి తిరిగి లెక్కగట్టిన వివరాలు) 1940 నుండి గంటగంటకూ, భూమిమీద ఏ చోటికైనా ఉచితంగా దొరుకుతోంది. అలాంటప్పుడు మాస్ట్ (గాలిని కొలిచే పరికరాలు అమర్చిన స్తంభం) నిలబెట్టి ఏడాదిపాటు గాలిని కొలవవలసిన అవసరం ఏమిటి? ఆ ఒక్క ఏడాది గాలి మామూలు కన్నా బలంగానో బలహీనంగానో వీచి ఉండవచ్చు. దశాబ్దాల సగటును నమ్మడమే శాస్త్రీయమని నా వాదన. విభేదించేవారు కారణాలతో రాయగలరు.

సమాధానం 1

విభేదిస్తున్నాను. ఆ డేటాలో ఒక్కో గడి సుమారు 31 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి, మీరు టర్బైన్లు నిలబెట్టదలచిన కొండ అంచు, దాని పక్కనున్న లోయ, అవతలి అడవి అన్నీ ఒకే గడిలో కలిసిపోయి చదునైపోతాయి. గాలిలోని శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి మారుతుంది. వేగం అంచనాలో 10 శాతం పొరపాటు జరిగితే శక్తి అంచనాలో 33 శాతం తేడా వస్తుంది. సగటు ఒక్కటే సరిపోదు కూడా. ఎప్పుడూ సెకనుకు 7 మీటర్ల వేగంతో వీచే చోటు కన్నా, సగం కాలం 4, సగం కాలం 10 మీటర్ల వేగంతో వీచే చోట గాలిలో శక్తి ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది, రెండింటి సగటూ ఒకటే అయినా.

ఎత్తు సంగతీ అంతే. 80 మీటర్ల దగ్గర తెలిసిన వేగాన్ని 120 మీటర్ల హబ్ ఎత్తుకు (టర్బైన్ రెక్కలు కలిసే ఇరుసు ఎత్తుకు) లెక్కగట్టేటప్పుడు, షియర్ ఘాతాంకం (ఎత్తుతో వేగం ఎంతగా పెరుగుతుందో చెప్పే సంఖ్య) 0.14 అనుకుంటే వేగం 6 శాతం, 0.25 అనుకుంటే దాదాపు 11 శాతం పెరుగుతుంది. ఆ స్థలానికి ఏది సరైనదో వేర్వేరు ఎత్తుల్లో అమర్చిన గాలి వేగ మాపకాలే (అనిమోమీటర్లే) చెప్పాలి.

సమాధానం 2

గాలి టర్బైన్ రేటెడ్ వేగాన్ని (టర్బైన్ పూర్తి సామర్థ్యానికి చేరే గాలి వేగాన్ని) దాటాక ఉత్పత్తి పెరగదు కాబట్టి, ఏడాది విద్యుత్తులో తేడా 33 శాతం కన్నా తక్కువే ఉంటుందని గమనించాలి. పైగా మాస్టే కావాలని పట్టుబట్టనక్కరలేదు. నేలమీద పెట్టిన లైడార్ (లేజర్ కాంతితో గాలిని కొలిచే పరికరం) హబ్ ఎత్తునూ దాటి కొలుస్తుంది. అయితే అది తాను చూసే పరిధి అంతటా గాలి ఒకేలా ప్రవహిస్తోందనే ఊహతో లెక్కగడుతుంది కనుక, ఎగుడుదిగుడు కొండల్లో దాని ఫలితాన్ని సవరించకుండా వాడకూడదు.

ప్రశ్న వేసినవారు

గ్లోబల్ విండ్ అట్లాస్ అనే ప్రపంచ గాలి పటం 250 మీటర్ల గడులతో ఉంది కదా? గడి పెద్దదనే అభ్యంతరం అక్కడితో తీరుతుంది.

సమాధానం 1 ఇచ్చినవారు

తీరదు. ఆ పటం కూడా రీఅనాలిసిస్ నుండే మొదలై, నేల ఎత్తుపల్లాలను, గరుకుదనాన్ని కలుపుకొని మోడల్ ద్వారా సూక్ష్మీకరించినది. ఎక్కడ కొలవాలో ఎంచుకోవడానికి అది ఎంతో ఉపయోగం, కానీ మోడల్‌ను మోడల్‌తోనే సరిచూడలేము.

ఏడాది చాలదన్న మీ మాట మాత్రం నిజం. అందుకే స్థలంలో కొలిచిన కాలాన్ని అదే కాలపు రీఅనాలిసిస్‌తో పోల్చి, వాటి మధ్య దొరికిన సంబంధాన్ని గత దశాబ్దాలకు వర్తింపజేస్తారు. ఆ సంబంధం అన్ని రుతువులనూ చూసి ఉండాలి గనుకనే కనీసం 12 నెలలు అడుగుతారు. అప్పిచ్చేవారు చూసే పీ90 ఉత్పత్తిని (90 శాతం సంభావ్యతతో అందుకోగల ఉత్పత్తిని) గమనించండి: మొత్తం అనిశ్చితి 15 శాతమైతే అది మధ్యస్థ అంచనా కన్నా 19 శాతం, అనిశ్చితి 10 శాతమైతే దాదాపు 13 శాతం తక్కువగా ఉంటుంది. కొలత ఖర్చును ఈ తేడాతో పోల్చి చూడమని నా విన్నపం.