అప్‌డేట్: కామెడీ షో క్లిప్ తీసేశారు

పోయిన వారం అడిగాను కదా, బెంగళూరు ఇందిరానగర్‌లో కామెడీ షోకి వెళ్తే కమెడియన్ ముందు వరుసలో ఉన్న నాతో లీచెస్ (ఆన్‌లైన్‌లో చెస్ ఆడే సైట్) యూజర్‌నేమ్ చెప్పించారని, అది రీల్‌గా వచ్చి తెలియనివాళ్లంతా మెసేజ్‌లు పెడుతున్నారని. మీరన్నట్టే నేరుగా ఆయనకే రాశాను. గంటలో సారీ చెప్పి తీసేశారు, మంచి మనిషి.

లీచెస్‌లో పేరు మార్చుకోలేం, పెద్దక్షరాలు చిన్నక్షరాలు మాత్రం ఒకసారి మార్చుకోవచ్చు. అకౌంట్ మూసేద్దామంటే మనసొప్పలేదు, నాలుగేళ్ల ఆటలున్నాయి అందులో. అందుకే ప్రైవసీ సెట్టింగ్స్‌లో మెసేజ్‌లు, ఛాలెంజ్‌లు ఫ్రెండ్స్‌కే అని పెట్టేశాను. టెన్షన్ పోయింది.

నిన్న రాత్రి మా తమ్ముడితో పది నిమిషాల గేమ్ ఆడాను. ఏనుగు, ఒక్క బంటు మిగిలాయి. బంటు చివరి గడికి చేరేదాకా ఫోన్ ఒక్కసారీ మోగలేదు. అందరికీ చాలా థాంక్స్ అండీ.