అంబాసిడర్ తలుపుల కింది రేకు మార్చడం గురించి సలహా కావాలి

మాది నల్లగొండ. మా నాన్నగారు వాడిన 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4 కారును మళ్లీ రోడ్డెక్కించాలనుకుంటున్నాను. ఎడమవైపు తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా ఉండే రేకు లోపలి నుంచి తుప్పు పట్టి, స్క్రూడ్రైవర్‌తో తడితే పెచ్చులుగా రాలుతోంది. పదేళ్ల కిందట ఒక షెడ్డులో తుప్పు గీకకుండానే పుట్టీ పెట్టి రంగు వేశారు. మొన్న ఆ పుట్టీ అరచేయంత ముక్కగా ఊడి వస్తే, దాని వెనుక రేకే లేదు.

ఈ కారుకు విడిగా ఛాసీ (కింది ఇనుప చట్రం) ఉండదు, బాడీయే బరువు మోస్తుంది కనుక, ఆ భాగాన్ని ఒకేసారి కోసేస్తే బండి కుంగి తలుపులు సరిగ్గా పడవేమోనని నా భయం. తలుపుల ఖాళీల్లో ఇనుప గొట్టాలు ఆనించి వెల్డింగ్ చేసి, కొద్దికొద్దిగా కోసి మార్చడం సరైన పద్ధతేనా? మా డెంటర్‌గారు గ్యాస్ వెల్డింగ్ చాలంటున్నారు. ఆయన చేతిపని మీద నాకు అనుమానం లేదు గానీ, అంత వేడికి పలుచని రేకు వంకరపోతుందని, మిగ్ (కరెంటుతో తీగను కరిగించి అతికే) వెల్డింగ్‌తో దూరదూరంగా చుక్కలు పెట్టుకుంటూ పోవడమే మేలని నా ఆలోచన. రేకు మందం 18 గేజ్ తీసుకోవాలా, అంతకన్నా పలుచనైన 20 గేజ్ సరిపోతుందా?

2014లోనే ఈ కారు ఉత్పత్తి ఆగిపోయింది. పాత రేకు కొలతతో కొత్తది వంచి ఇచ్చేవారు సూర్యాపేట, మిర్యాలగూడ వైపు ఎవరైనా ఉన్నారా, లేక హైదరాబాద్ వెళ్లక తప్పదా? ఈ పని స్వయంగా చేయించినవారు దయచేసి చెప్పగలరు.