వాతావరణ పరిశోధకులు కార్పొరేషన్‌లో కూర్చుంటే బుడమేరు ఆగుతుందా?

వానలెక్క:
బెజవాడ మునిగిన 2024 సెప్టెంబరు వరదల నుంచి అడగాలనుకుంటున్న ప్రశ్న. వాన సంగతి వాతావరణ శాఖ చెబుతుంది, నది సంగతి కేంద్ర జల సంఘం చెబుతుంది. కాలువ జలవనరుల శాఖది, వీధి కార్పొరేషన్‌ది. వీటన్నిటినీ కలిపి "ఫలానా వీధికి ఫలానా గంటకు నడుము లోతు నీళ్లు" అని ముందుగా చెప్పేవాళ్లు నాకు కనబడలేదు. బెజవాడ కార్పొరేషన్‌లోనే నలుగురు పరిశోధకులతో ఒక విభాగం పెట్టాలంటాను. అహ్మదాబాద్‌లో 2010 మే నెల వడగాడ్పులకు మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువ జరిగాయని పరిశోధకులు తేల్చారు. ఆ విపత్తు తరవాత 2013లో ఆ ఊరి కార్పొరేషన్ వేడి ప్రణాళిక పెట్టుకుంది. 45 డిగ్రీలు చేరితే ఎరుపు హెచ్చరిక. ఎరుపు అంటే ఎవరు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకున్నారు. వానకూ అలాంటి కాగితం మనకు వద్దా?

కాలువగట్టు:
వద్దు. ఆ నలుగురి జీతాలతో కాలువల్లో పూడిక తీయడానికి ఒక పొక్లెయిన్ కొనండి. ముప్పై మూడేళ్లు కాలువల మీద ఉద్యోగం చేసి చెబుతున్నాను. బుడమేరు వాగు మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది. వెలగలేరు దగ్గర దాన్ని మళ్లించి కృష్ణలో పోయాలన్నది ఏర్పాటు. కృష్ణే నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీళ్లను ఎక్కడ పోస్తుంది? వెనక్కి ఎగదన్నుతుంది. దానికి తోడు గట్టుకు గండ్లు పడ్డాయి. ఇది తెలుసుకోవడానికి పరిశోధన ఎందుకు?

బెంజిసర్కిల్:
కృష్ణ మీద బ్యారేజీకి రికార్డు వరద వచ్చింది కదా, మునగక ఏమవుతుంది?

కాలువగట్టు:
బెంజిసర్కిల్ గారూ, ఈ మాట విన్నప్పుడల్లా నాకు రక్తపోటు పెరుగుతుంది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది సెప్టెంబరు 2న. బెజవాడలో సింగ్‌నగర్‌లోకి నీళ్లు వచ్చింది 1న, ఆదివారం. ముంచింది బుడమేరు. బ్యారేజీ నీళ్లు సింగ్‌నగర్‌కు రాలేదు. మరోసారి రాస్తున్నాను: రాలేదు.

వానలెక్క:
మాస్టారూ, కృష్ణ నిండుగా ఉంటే బుడమేరు వెనక్కి తన్నుతుందని మీరే అన్నారు. అంటే రెండు నదులనూ కలిపి లెక్క వేయాలి. నేను చెబుతున్నదీ అదే.

కాలువగట్టు:
మీరు చెబుతున్నది కంప్యూటర్ బొమ్మ. నేను చెబుతున్నది పూడిక.

కుట్టుమిషన్:
ఈ వేదికలో రాయడం ఇదే మొదటిసారి. మాది సింగ్‌నగర్. ఆ శనివారం నా ఫోనుకు సందేశం వచ్చింది: జిల్లాలో భారీ నుంచి అతి భారీ వర్షాలు, లోతట్టు ప్రాంతాల వారు అప్రమత్తంగా ఉండాలి. మాది లోతట్టో మెట్టో నాకెలా తెలుస్తుంది? ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంటున్నాను, మా వీధి నాకు చదునుగానే కనిపిస్తుంది. వినాయక చవితికి ఇవ్వాల్సిన జాకెట్లు నలభై దాకా ఉన్నాయి. రాత్రి పదకొండు వరకు కుట్టి పడుకున్నాం. తెల్లారి గడప దాటిన నీళ్లు మధ్యాహ్నానికి మిషన్ బల్ల మీద మూడు జానల ఎత్తుకు చేరాయి. ఏడు మిషన్లు, అన్నిటి మోటార్లూ పోయాయి. ఖాతాదారుల పట్టు గుడ్డలు బురదలో పిండినట్లయ్యాయి. పరిశోధనో పూడికో మీరిద్దరే తేల్చుకోండి. ముందు రోజు సాయంత్రం "మీ వీధికి నీళ్లు వస్తాయి" అని ఒక్కరు చెప్పి ఉంటే గుడ్డలన్నా మేడ మీదకు ఎక్కించుకునేదాన్ని.

పునుగులు:
అమ్మా, మీ మాటతో అందరి నోళ్లూ మూతపడ్డాయి.

కాలువగట్టు:
నా నోరు మూతపడలేదు. అమ్మా, మీ నష్టానికి బాధగా ఉంది. అయితే శనివారం సాయంత్రానికి గట్టు తెగుతుందని ఏ శాస్త్రవేత్త చెప్పగలడు? గండి ఎక్కడ పడుతుందో గట్టుకే తెలియదు.

వానలెక్క:
గండి సంగతి చెప్పలేం, నిజం. "ఇంత వాన పడి, కృష్ణ ఇంత ఎత్తున ఉంటే, మీ వీధి మునగడానికి పదింట ఆరు వంతుల అవకాశం" అని మాత్రం చెప్పగలం.

కాలువగట్టు:
పదింట ఆరు! ఆ కాగితం పట్టుకుని అధికారి ఏం చేయాలి? లక్ష మందిని అర్ధరాత్రి లేపాలా? మిగతా నాలుగు వంతులు నిజమైతే మర్నాడు పత్రికల్లో ఆయన బొమ్మ వేస్తారు. మీ బొమ్మ వేయరు.

తెనాలి చేను:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. వస్తుందని నాలుగు రోజుల ముందే తెలుసు, అందులో శాస్త్రవేత్తల తప్పు లేదు. కోత మిషన్ అద్దె రెట్టింపు చేశారు, కప్పడానికి పట్టాలు దొరకలేదు, గోనె సంచులు రాలేదు. వరి పనలు చేలోనే నానాయి. తరవాత కొనేచోట తేమ 17 శాతం దాటిందని వెనక్కి పంపారు. తుపాను కబురు నాకు చేరింది, సంచి చేరలేదు. పైగా జిల్లాల్లో రైతులకు వాతావరణ సలహా ఇచ్చే కేంద్రాలు దేశమంతటా 199 ఉంటే, 2024లో వాటినీ మూసేశారు. ఉన్నవి మూసేసి, కొత్త విభాగం కావాలంటే నవ్వొస్తోంది.

వానలెక్క:
సంచులు ఎప్పుడు దింపాలో ముందే రాసి ఉండాలనేగా నేనూ అంటున్నది!

తెనాలి చేను:
మీరు విభాగం అన్నారు. నేను సంచి అన్నాను.

కుట్టుమిషన్:
కాలువగట్టు గారూ, రాత్రంతా మీ మాటే తిరుగుతోంది. పత్రికలో అధికారి బొమ్మ వేస్తారనా మాకు చెప్పకూడదు? లేపమని నేను అడగలేదు, చెప్పమన్నాను. పదింట ఆరో, పదింట రెండో, ఉన్నదున్నట్లు చెబితే గుడ్డలు ఎత్తాలో వద్దో నేను చూసుకుంటాను. తెలిసినవాళ్లు తెలిసినది దాచుకుని, ఖాయమయ్యాక చెబుదామంటే, అప్పటికి నీళ్లే వచ్చి చెబుతాయి.

కాలువగట్టు:
దాచుకున్నారని ఎవరన్నారు? జనానికి అంకెలు వదిలితే భయంతో తొక్కిసలాట జరుగుతుంది. మీకు ఇవతలి పక్క తెలియదు.

కుట్టుమిషన్:
అవతలి పక్క మీకు తెలుసా? మెడ లోతు నీళ్లలో మా అత్తగారిని తలుపు చెక్క మీద పడుకోబెట్టి తోసుకుంటూ వచ్చాం. తొక్కిసలాట జరగలేదు. తొక్కడానికి నేల ఉంటే కదా.

బెంజిసర్కిల్:
నిర్వాహకులు చూడాలి, మాటలు మించుతున్నాయి.

కాలువగట్టు:
మించనివ్వండి. అమ్మా, ఇది ఎక్కడా రాయలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే జిల్లాలో ఒక మురుగు కాలువ కింద ఊరిని రాత్రి ఒంటిగంటకు ఖాళీ చేయించాను. నీళ్లు రాలేదు. ఎవరి అనుమతితో చేశావని మెమో ఇచ్చారు, ఇంక్రిమెంటు ఆపారు. రెండేళ్ల తరవాత అదే కాలువ, అలాంటి వానే. పైనుంచి కబురు వచ్చేదాకా ఆగాను. నాలుగు గంటలు ఆగాను.

పునుగులు:
తరవాత?

కాలువగట్టు:
పశువులు పోయాయి. మనుషులు దక్కారు, నా గొప్ప ఏమీ లేదు.

వానలెక్క:
మాస్టారూ, అందుకే ముందే రాసి ఉండాలంటున్నాను. కాగితంలో ఉన్న గీత దాటితే ఖాళీ చేయించాలి. నీళ్లు రాకపోయినా మెమో ఉండకూడదు.

కాలువగట్టు:
ఆ "మెమో ఉండకూడదు" అన్న వాక్యం మీద సంతకం ఎవరు పెడతారో చెప్పండి. మీ నలుగురు పరిశోధకులు పెడతారా? అది తేలేదాకా నేను పొక్లెయినే అంటాను.

తెనాలి చేను:
ఇదిగో, ఇప్పుడు అసలు మాట బయటపడింది.

వానలెక్క:
సంతకం సంగతి నా చేతిలో లేదు. లోతుల లెక్క ఉంది. కుట్టుమిషన్ గారూ, మీ ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఏమన్నా గుర్తు మిగిలిందా?

కుట్టుమిషన్:
గోడకు బురద చారిక అలాగే ఉంది. రంగులకు డబ్బు లేక వదిలేశాం. మా వీధిలో ఇంకో అయిదారు ఇళ్లలోనూ ఉండాలి.

కాలువగట్టు:
టేపుతో కొలిస్తే పనికిరాదు, గచ్చులు హెచ్చుతగ్గులుగా ఉంటాయి. ఎత్తులు కొలిచే సర్వే లెవెల్ పెట్టి చూడాలి. నా దగ్గర పాతది ఒకటి ఉంది, దాని కాళ్లు కొంచెం వదులు. ఆదివారం ఉదయం ఏడింటికైతే రాగలను, ఎండెక్కితే నా వల్ల కాదు.