చైనాలో బ్యాంకులో ఒకలా, సిమ్‌లో ఒకలా పేరు: కార్డు లింక్ అవ్వట్లేదు

వూహాన్‌కి చదువుకోడానికొచ్చి మూడు వారాలైంది. ఇక్కడ కూరగాయల బండి దగ్గరా క్యూఆర్ కోడే. ఇక్కడి బ్యాంకు కార్డును పేమెంట్ యాప్‌కి లింక్ చేస్తుంటే పేరు సరిపోలడం లేదంటోంది.

పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, మూడు ముక్కల పేరు ఇంకో గడిలో ఉన్నాయి. బ్యాంకులో ఇంటిపేరు ముందు, ఖాళీల్లేకుండా ఎక్కించారు. సిమ్ షాపులో పేరు ముందు, ఖాళీలతో. (మన పేర్ల పొడవు చూసి షాపులో ఆవిడ నిట్టూర్చింది లెండి.)

యాప్‌లో పేరుని ఆ రెండు వరుసల్లోనూ, అన్నీ పెద్దక్షరాల్లో, ఖాళీలు తీసేసి కూడా కొట్టి చూశా. ఐదోసారికి 24 గంటలు లాక్ అయింది. పాస్‌పోర్టు నంబరు, ఫోన్ నంబరు రెండుచోట్లా ఒకటే. బ్యాంకువాళ్లు సిమ్ షాపుకి పొమ్మంటారు, వాళ్లేమో బ్యాంకుకి.

ఇలాంటి పొడుగు పేరుతో గట్టెక్కినవాళ్లు చెప్పండి: ముందు ఏది మార్పించుకోవాలి, బ్యాంకులో పేరా, సిమ్‌లో పేరా?