సా రెజొనేటర్‌తో షాఫ్ట్ టార్క్: లోడు పెట్టినా ఫ్రీక్వెన్సీ కదలట్లేదు

బల్లార్షా_కన్వేయర్:
బొగ్గు కన్వేయర్ డ్రైవ్ షాఫ్టు మీద స్లిప్ రింగులు (తిరిగే షాఫ్టుకు కరెంటు అందించే రాపిడి కాంటాక్టులు) లేకుండ టార్క్ (మెలిపెట్టే బలం) చూడాలె. 60 మి.మీ. స్టీలు, గరిష్ఠ టార్క్ 1000 న్యూటన్ మీటర్లు. రిమోట్లల్ల వచ్చే 433.92 మెగాహెర్ట్జ్ సా రెజొనేటర్‌ను (క్వార్ట్జ్ ముక్క పైపొర మీద అల నడిచి ఒక ఫ్రీక్వెన్సీల మోగే భాగం) డబ్బాతో సహా అరల్డైట్‌తో అతికించిన. లివరుకు బరువులు కడితే ఫ్రీక్వెన్సీ కదల్తలేదు, ఎండ తగిల్తే కదులుతుంది. చంద్రపూర్ ఎండలు తెల్సిందే గదా. ఏం చెయ్యాలె?

సిరోంచ_ఆర్‌ఎఫ్:
ఆ డబ్బాలు స్ట్రెయిన్ (లోడుకు లోహం సాగుడు) కోసం చేసినవి కావు అన్నా. చాలావాటిల్ల క్వార్ట్జ్ ముక్కను మెత్తటి జిగురు మీద కూసోబెడతరు, బయటి వత్తిడి దానికి అందొద్దనే. మూత పీకి పైన ఎపాక్సీ పోస్తే ఇంకా నష్టం: అల బతికేది పైపొరలనే, దాని పొడవు 7 మైక్రాన్ల చిల్లర. పైన జిగురు, తేమ, దుమ్ము ఏది పడ్డా సిగ్నల్ చస్తది. స్ట్రెయిన్ కోసమే చేసిన ముక్క కొనాలె. అడుగు గట్టిగ అంటాలె, పైన ఖాళీ ఉండాలె, మూత గాలి చొరకుండ ఉండాలె.

రాయగడ_గేజి:
లెక్క చూడండి. 1000 న్యూటన్ మీటర్లకు ఈ షాఫ్టు ఉపరితలంపై 45 డిగ్రీల దిశలో దాదాపు 150 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల్లో 150 వంతుల సాగుదల) వస్తుంది. ఎస్‌టీ కట్ (స్ఫటికాన్ని ఒక నిర్ణీత కోణంలో కోసిన) క్వార్ట్జ్‌లో మైక్రోస్ట్రెయిన్‌కు ఫ్రీక్వెన్సీ సుమారు 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) మారుతుంది, అంటే 434 హెర్ట్జ్. ఒకటి +45, ఒకటి -45 డిగ్రీల్లో పెట్టి (ఒకటి సాగితే ఇంకోటి నొక్కుకుంటుంది) తేడా తీస్తే 130 కిలోహెర్ట్జ్ దాకా రావాలి. జిగురు మందంగా ఉంటే అందులో చాలా భాగం పోతుంది.

ఎండకు కదలడానికి రెండు కారణాలు. ఎస్‌టీ కట్ 25 డిగ్రీల దగ్గర స్థిరం. 45కి చేరితే 13 పీపీఎం దిగుతుంది. అసలు తంటా రెండోది: గట్టిగా అంటించాక క్వార్ట్జ్, స్టీలు వ్యాకోచాల తేడా కూడా స్ట్రెయిన్‌గానే కనిపిస్తుంది. 20 డిగ్రీలకు ముప్ఫై మైక్రోస్ట్రెయిన్ పైనే. ఒక్క ముక్కతో దీన్ని విడదీయలేరు. జంట ముక్కలు ఒకే కట్, ఒకే బ్యాచ్, పక్కపక్కనే ఉంటే ఇది చాలావరకు కొట్టుకుపోతుంది.

బల్లార్షా_కన్వేయర్:
ఒక్క ముక్క, పక్కన థర్మిస్టర్ పెడితే నడవదా?

రాయగడ_గేజి:
దానికి మళ్ళీ షాఫ్టు మీద బ్యాటరీ కావాలి కదండీ. జంటే మేలు. 220, తర్వాత 400 నంబరు ఎమరీతో రుద్ది, అసిటోన్‌తో గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా తుడవండి. ఎపాక్సీ పల్చగా రాసి, గట్టిపడేదాకా క్లాంపు తీయకండి. తర్వాత పూర్తి లోడు గంటసేపు ఉంచి దించండి. సున్నా వెనక్కి రాకపోతే జిగురు జారుతోందన్నమాటే.

సిరోంచ_ఆర్‌ఎఫ్:
లోడు లేకుండ షాఫ్టును చేత్తో ఒక్క చుట్టు తిప్పి రీడింగు రాసుకో. చుట్టుకొకసారి ఊగితే అది టార్క్ కాదు, యాంటెన్నా జోడింపు మారుతున్నది. షాఫ్టు చుట్టూ రింగు యాంటెన్నా పెడితే తగ్గుతది. రెజొనేటర్‌కు రేడియో పల్స్ పంపినంక ఒక మైక్రోసెకను ఆగి విను, చుట్టుపక్కల ఇనుము నుంచొచ్చే ప్రతిధ్వనులు అప్పటికి పోతయి. రెజొనేటర్ క్యూ (ఎంతసేపు మోగుతదో చెప్పే అంకె) పదివేలుంటే ఇంకా ఏడు మైక్రోసెకన్లు మోగుతనే ఉంటది.